మిగులు లేని విమానాలు

పరాంకుశం గారు మా సంస్థకు డైరెక్టరుగా రాకముందు గిడ్డంగుల శాఖలో ఉండేవారు. అక్కడ ఎలుకల మీద ఆయన సాధించిన విజయాలు చూసి, విమానాల మీద కూడా అంతటి విజయమే సాధిస్తారని ప్రభుత్వానికి నమ్మకం కుదిరింది.

మాది రాష్ట్ర విమానచోదక శిక్షణ సంస్థ. జొన్నలగట్టు ఊరి బయట ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, కంట్రోల్ టవర్ అని మేం గౌరవంగా పిలుచుకునే ఒక మేడగది, నాలుగు సీట్ల చిన్న విమానాలు కొన్ని, వాటిని నడపడం నేర్చుకునే కుర్రకారు. నేను అక్కడ పౌరసంబంధాల అధికారిని. పౌరులకూ మాకూ పెద్దగా సంబంధం లేదు కనుక, వచ్చిన పెద్దలకు ఫోటోలు తీయడం, గోడల మీద నినాదాలు రాయించడం నా పని.

డైరెక్టరు గారు వచ్చిన మొదటి రోజే షెడ్డు తనిఖీకి బయల్దేరారు. అప్పుడే ఒక విమానం దిగింది. దాన్ని నడిపిన కెప్టెన్ రూత్ సుగుణ రెక్క మీదికి ఎక్కి, ట్యాంకు మూత తీసి, లోపలికి ఒక పుల్ల ముంచి చూస్తోంది. సుగుణ మేడమ్ మా సంస్థలో అందరికన్నా పాత ఇన్‌స్ట్రక్టరు. గుంటూరు మనిషి. గొంతు పెంచకుండా మాట్లాడుతుంది, చెప్పిన మాట మార్చదు.

"ఏమిటది?" అన్నారు పరాంకుశం గారు కింద నిలబడి.

"పెట్రోలు ఎంత మిగిలిందో చూస్తున్నాను సార్."

"మిగిలిందా?" గిడ్డంగిలో ఎలుక తోక కనిపించిన మనిషిలా అయింది ఆయన ముఖం. "ఎందుకు మిగిలింది?"

"మిగలాలి సార్. అది రిజర్వు."

"అంటే ఇక్కణ్ణుంచి పైకి మోసుకెళ్ళి, ఆకాశమంతా తిప్పి, ఏ పనికీ వాడకుండా మళ్ళీ ఇక్కడికే మోసుకొచ్చారన్నమాట."

"వాడే అవసరం రాలేదు సార్. రాకపోవడమే మంచిది."

"అవసరం రాని సరుకు కొనడాన్ని మా గిడ్డంగుల శాఖలో దుబారా అంటారు. మీ శాఖలో ఏమంటారు?"

"ప్రాణం అంటాం సార్."

మేడమ్ కిందికి దిగి ఓపిగ్గా వివరించింది. పైన ఎదురుగాలి తగిలితే అనుకున్న దానికన్నా ఎక్కువ పెట్రోలు కాలుతుంది. దిగబోయే చోట మబ్బు కమ్మితే ఇంకో ఊరికి పోవాలి. సరిగ్గా దిగే సమయానికి రన్‌వే మీదికి గేదె వస్తే మళ్ళీ పైకి లేచి ఒక చుట్టు తిరిగి రావాలి.

డైరెక్టరు గారు అంతా విన్నారు. "గేదె రన్‌వే మీదికి రావడానికి అనుమతి ఎవరిచ్చారు?" అన్నారు.

మరుసటి వారం శూన్య శేష పథకం మొదలైంది.

సమావేశంలో డైరెక్టరు గారి ప్రసంగం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ప్రతి గగనయాత్రకూ నిర్ణీత ఇంధనం. నిర్ణీత ఇంధనానికి నిర్ణీత వినియోగం. యాత్రానంతరం ట్యాంకులో శేషం ఉన్నచో అది ప్రణాళికా వైఫల్యంగా పరిగణించి, సంబంధిత చోదకులపై తగు చర్యలు తీసుకొనబడును." మా అకౌంట్స్ ఆఫీసర్ సింహాద్రప్ప వెంటనే లేచి బలపరిచాడు. "మార్చి ఆఖరుకి బడ్జెట్టు మిగిలిందంటే ఆ శాఖకి చేతకాలేదని గదా సార్ అర్థం! ట్యాంకులో మిగిలినా అంతే." సింహాద్రప్ప మంచివాడు. ఏ పథకాన్నీ నమ్మేవాడు కాదు. అన్నింటినీ తు.చ. తప్పకుండా అమలు చేసేవాడు.

నినాదం రాయమన్నారు. 'నిండుగా ఎగురుదాం, నిశ్చింతగా దిగుదాం' అని రాసిచ్చాను. నిండుగా అన్న మాట పథక స్ఫూర్తికి విరుద్ధమని కొట్టేసి, 'మిగులే మన శత్రువు' అని తమ చేత్తో రాసిచ్చారు. షెడ్డు గోడ మీద ఎర్రరంగుతో రాయించాను. చూడ్డానికి బాగానే ఉండేది.

పథకం తొలి ఫలితాలు ఎవరూ ఊహించనివి. పెట్రోలు మిగిలితే మెమో వస్తుందని తెలిశాక, శిక్షణ పని పూర్తయినా పైలట్లు కిందికి దిగడం మానేశారు. ట్యాంకు అడుగంటే దాకా ఊరి చుట్టూ ప్రదక్షిణాలు చేయసాగారు. సాయంత్రం అయ్యేసరికి జొన్నలగట్టు మీద అన్ని విమానాలూ గుండ్రంగా తిరుగుతూ ఉండేవి. ఊళ్ళో వాళ్ళు మిద్దెలెక్కి వేరుశనక్కాయలు తింటూ చూసేవారు. నెల తిరిగేసరికి పెట్రోలు వాడకం అంతకుముందుకన్నా బాగా పెరిగింది. సింహాద్రప్ప ఆ సంగతి కొంచెం భయంగానే చెప్పాడు.

"శేషం ఎంత?" అన్నారు డైరెక్టరు గారు.

"శేషం అసలు ల్యాదు సార్."

"మన లక్ష్యం శేషం. వినియోగం మన పరిధిలోనిది కాదు. దిగ్విజయంగా ఉందని పైకి రాయండి."

పైవాళ్ళు అభినందిస్తూ జవాబిచ్చారు.

అభినందన వస్తే ఏ అధికారీ ఊరికే కూర్చోడు. దిగాక రన్‌వే మీదే ఇంజన్ ఆగిపోవడాన్ని ఆదర్శ అవతరణగా ప్రకటించారు. అలా ఆగిన పైలట్‌కు ఉదయం ప్రార్థన తర్వాత శాలువా. ఆగిన విమానాన్ని షెడ్డు దాకా తోయడానికి తోపుడు విభాగం ఏర్పడింది. తోటమాలులు, వంటవాళ్ళు, అంటువ్యాధుల మీద ప్రసంగం ఇవ్వడానికి వచ్చిన ఒక డాక్టరు గారు కూడా ఆ విభాగంలో సేవలందించారు.

సుగుణ మేడమ్‌కు శాలువా రాలేదు. మెమోలు వచ్చాయి. ఆమె ప్రతిసారీ ట్యాంకులో కొంత మిగుల్చుకునే దిగేది. చివరికి ఒకరోజు నియమావళి పుస్తకం పట్టుకుని డైరెక్టరు గారి గదికి వచ్చింది. నేను అక్కడే ఆయన పుట్టినరోజు ఫోటోలు చూపిస్తున్నాను.

"రిజర్వు లేకుండా ఎగరడం చట్టవిరుద్ధం సార్. ఇదుగో, ఇక్కడ ఉంది."

పరాంకుశం గారు కళ్ళజోడు సర్దుకుని ఆ పేరా చదివారు. మళ్ళీ చదివారు. ఆయన ముఖం వెలిగింది. "రిజర్వు కలిగి ఉండవలెను అని ఉంది. కాదనను. కానీ ఎక్కడ కలిగి ఉండవలెనో లేదు."

"ఎక్కడేంటి సార్? విమానంలో!"

"అది మీ భాష్యం. ప్రతి ఇంట్లోనూ ఫైరింజను ఉంటుందా? ఊరికొకటి ఉంటుంది. అవసరమైన వారు పిలుచుకుంటారు."

కేంద్రీయ అత్యవసర ఇంధన భాండాగారం అలా పుట్టింది. విమానాలన్నింటి రిజర్వునూ ఒకే డ్రమ్ములో పోసి, టవర్ కింద గదిలో పెట్టి, తాళం వేశారు. ఆకాశంలో ఇంధన కొరత ఏర్పడిన చోదకులు రేడియో ద్వారా భాండాగార అధికారికి విన్నవించుకోవాలి. భాండాగార అధికారి సింహాద్రప్ప. అతను సరుకు కోరే ఇండెంటు నంబరు తీసుకుని, డైరెక్టరు గారి ఆమోదం పొంది, ఇంధనం విడుదల చేస్తాడు. కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి ప్రారంభించాం. ఫోటోలు బాగా వచ్చాయి. డ్రమ్ముకు పసుపు, కుంకుమ కూడా పెట్టాం.

ఆ సాయంత్రం సుగుణ మేడమ్ క్యాంటీన్‌లో టీ తాగుతూ నాతో అంది, "ఆయన్ని చూస్తే కోపం కూడా రావట్లేదండీ. నిజంగానే నమ్ముతున్నాడు. నమ్మినోడితో ఏం వాదిస్తాం?"

"మీరెలా నెట్టుకొస్తున్నారు?" అన్నాను.

"ఎత్తు. పెట్రోలు ఇవ్వకపోతే నేను ఎత్తు తీసుకుంటాను. ఇంజను ఆగినా ఎత్తుంటే జారుకుంటూ కొంతదూరం పోవచ్చు. ఎత్తుకి ఇండెంటు అక్కర్లేదు కదా."

శీతాకాలం చివర్లో రాజధాని నుంచి కబురు వచ్చింది. మిగులు రహిత పాలనకు ఇచ్చే రాష్ట్ర పురస్కారం మా సంస్థకు వచ్చిందని, డైరెక్టరు గారు స్వయంగా వచ్చి అందుకోవాలని. పథకం ప్రకారం విమానంలోనే, సరిపడా ఇంధనంతోనే వెళ్ళి, సభ చూస్తుండగా ఖాళీ ట్యాంకుతో దిగాలని ఆయన నిశ్చయించారు. ఫోటోల కోసం నేనూ వెళ్ళాలి. నడపడానికి సుగుణ మేడమ్‌ను పిలిచారు.

"రెండు ట్యాంకులూ నింపితే వస్తాను సార్. లేకపోతే రాను."

"అవిధేయతగా నమోదు చేయమంటారా?"

"చేసుకోండి సార్."

"సరే. చైతన్యను పిలవండి."

చైతన్యకు లైసెన్సు వచ్చి ఎన్నో రోజులు కాలేదు. శాలువా కూడా ఒకసారి వచ్చింది. డైరెక్టరు గారి మాటకు ఎదురుచెప్పడం ఆ అబ్బాయి ఇంకా నేర్చుకోలేదు. సుగుణ మేడమ్ తలుపు దాకా వెళ్ళి ఆగింది. 

"వద్దులెండి. నేనే వస్తాను" అంది.

బయటికి వచ్చాక, ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. "వాడు చచ్చినా కిందికి చూసుకోడండీ. ముందుకే చూస్తాడు. నేనైతే దిగే చోటు కోసం దారి పొడుగునా కిందికే చూస్తా" అంది. నేను ఆ విమానంలో కూర్చోబోయే మనిషినన్న సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు. నాకు గుర్తుంది. అయినా రానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మరునాడు ఉదయం ఎండ బాగా కాస్తోంది. డైరెక్టరు గారు కోటు వేసుకుని ముందు సీట్లో, సుగుణ మేడమ్ పక్కన కూర్చున్నారు. నేను కెమెరాతో వెనక. తోపుడు విభాగం చేతులూపింది. విమానం లేచింది. కింద శనగ చేలు, ధనియాల చేలు పచ్చగా, తెల్లగా చదరంగపు పలకలా పరుచుకున్నాయి. ఆమె పైకి, ఇంకా పైకి తీసుకెళ్ళింది.

"ఇంత ఎత్తు అవసరమా?" అన్నారు డైరెక్టరు గారు.

"పైన చల్లగా ఉంటుంది సార్" అందామె.

కొంతసేపటికి విమానం అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఎదురుగాలి. కింద రోడ్డు మీద వెళ్ళే ఒక లారీ మాకన్నా ముందు పోవడం నేను చూశాను. సుగుణ మేడమ్ మీటర్ల సూదుల్ని చూస్తోంది, కిటికీలోంచి కిందికి చూస్తోంది. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు మీట తిప్పింది.

"వెనక్కి తిరుగుదామా సార్? ఇప్పుడైతే చేరొచ్చేమో."

"పురస్కారం వెనక్కి వస్తుందా?" అన్నారాయన చిరునవ్వుతో.

ఆమె ఆ చిరునవ్వును పట్టించుకోకుండా విమానాన్ని తిప్పడం మొదలుపెట్టింది. సగం తిరిగామో లేదో, ఇంజను దగ్గింది.

దగ్గడమంటే, పాత సిగరెట్ల మనిషి పొద్దున్నే దగ్గినట్టు. ఆగింది. మళ్ళీ దగ్గింది. విమానం అంతా వణికింది. సుగుణ మేడమ్ చేతులు ఏవేవో మీటలు తోశాయి, లాగాయి. ఇంజను ఒక్కసారి గట్టిగా లేచినట్టు లేచి, పూర్తిగా ఆగిపోయింది. ముందున్న పంకా రెక్క నిటారుగా నిలబడి మా అందరి కంటికీ కనిపించింది.

ఇంజను ఆగిన విమానంలో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చెప్పడం కష్టం. బయట గాలి సన్నగా ఈల వేస్తోంది.  సుగుణ మేడమ్ విమానం ముక్కును నెమ్మదిగా కిందికి వంచింది.

"పైకి లేపండి!" అని అరిచారు పరాంకుశం గారు.

"లేపితే పడతాం సార్. వంచితేనే ఎగురుతాం."

"భాండాగారం!" ఆయనకు హఠాత్తుగా గుర్తొచ్చింది. ఆమె చేతిలోని రేడియో మైకు లాక్కున్నారు. "సింహాద్రప్పా! డైరెక్టర్ని మాట్లాడుతున్నాను. అత్యవసర ఇంధనం తక్షణమే విడుదల చేయండి!"

కాసేపు గరగర శబ్దం. తర్వాత సింహాద్రప్ప గొంతు తాపీగా వినిపించింది. "నమస్కారం సార్. అట్లే చేస్తా సార్. ఇండెంటు నంబరు చెప్పండి."

"ఇండెంటు తర్వాత పంపుతాను!"

"ఇండెంటు ల్యాకుండా విడుదల ల్యాదని మీరే రాసినారు గదా సార్."

"నేనే మినహాయింపు ఇస్తున్నాను!"

"ఇయ్యొచ్చు సార్. కాకపోతే రాతపూర్వకంగా ఇయ్యాల. పైగా డ్రమ్ము గది తాళంచెయ్యి మీ జేబులోనే ఉండాది."

పరాంకుశం గారి చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. తాళంచెవి బయటికి వచ్చింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, అదేమిటో ఎప్పుడూ చూడని వాడిలా చూశారు.

"ఇంగోటి సార్" అన్నాడు సింహాద్రప్ప. "తాళం తీసినాక పెట్రోలు పైకి ఎట్లా పంపాలనేది పథకంలో ల్యాదు. దాని మీద మీకు ఒక నోట్ పెట్టాలని అనుకుంటానే ఉండా."

"మైకు ఇటివ్వండి సార్" అంది సుగుణ మేడమ్. తీసుకుని, ఎక్కడున్నామో, ఏమైందో, ఎంతమంది ఉన్నామో నాలుగు ముక్కల్లో చెప్పింది. తర్వాత దాన్ని కొక్కేనికి తగిలించి కిందికి చూసింది. "బెల్టులు బిగించుకోండి. కళ్ళజోళ్ళు తీసెయ్యండి. తుమ్మలమెట్ట దగ్గర కొత్త బైపాస్ రోడ్డు ఉంది. అక్కడికి పోతున్నాం."

"రోడ్డు మీదా? లారీలు?"

"ఆ రోడ్డు వేసి ఏడాదైంది సార్. ప్రారంభించడానికి మంత్రిగారికి తీరిక దొరక్క ఇంకా తెరవలేదు. ఒక్క బండి కూడా ఉండదు."

ప్రభుత్వ జాప్యాన్ని అంత ప్రేమగా తలచుకున్న రోజు నా జీవితంలో మళ్ళీ రాలేదు.

విమానం జారుతోంది. చేలు పెద్దవవుతున్నాయి. డైరెక్టరు గారి చెయ్యి సీటు పక్కనుంచి వెనక్కి వచ్చి నా కోసం వెతికింది. పట్టుకున్నాను. ఎన్నో మెమోల మీద సంతకం చేసిన చెయ్యి అది. మంచుముక్కలా ఉంది. "మా ఆవిడకి చెప్పి రాలేదయ్యా" అన్నారు, నాకు తప్ప వినబడకుండా. ఆయన గొంతు అలా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఆయన మీద నాకున్న నవ్వంతా ఆ క్షణంలో పోయింది.

కరెంటు తీగలు మా కింద నుంచి వెళ్ళిపోయాయి. ఒక చెట్టు కొమ్మలు వెళ్ళిపోయాయి. నల్లటి రోడ్డు కళ్ళ ముందుకి వచ్చింది. దాని మీద దూరంగా పసుపు రంగు పట్టా పరిచినట్టు ఏదో ఉంది. చక్రాలు తగిలాయి, లేచాయి, మళ్ళీ తగిలాయి. ఆ పసుపు పట్టా మీదుగా దూసుకుపోతుంటే విమానం కింద లక్ష గవ్వలు నలిగినట్టు చప్పుడైంది. తర్వాత వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. రోడ్డు అంచున ఒక ముళ్ళకంపకు ముక్కు ఆనించి విమానం ఆగింది.

లోపలంతా ధనియాల వాసన.

తుమ్మలమెట్ట రైతులు ఆ తెరవని రోడ్డు మీద పంట ఆరబోసుకున్నారు. నీడ పట్టున కూర్చున్న మనుషులు లేచి పరిగెత్తుకొచ్చారు. ముందు వచ్చింది ఓబులమ్మ అనే పెద్దామె, చేతిలో చేట.

సుగుణ మేడమ్ తలుపు తీసి దిగింది. నేరుగా వెళ్ళి చక్రం పక్కన రోడ్డు మీదే కూలబడింది.  

ఓబులమ్మ ఆమెను చూసింది, విమానాన్ని చూసింది, కోటు వేసుకుని దిగుతున్న డైరెక్టరు గారిని చూసింది. ఆమెకు విషయం అర్థమైపోయింది. "ఒరే, వచ్చినార్రా! పంట నష్టం రాసుకోను వచ్చినారు! అర్జీలు పెట్టి పెట్టి కాళ్ళరిగిపోయె. ఇన్నాళ్ళకి విమానమేసుకోని వచ్చినారు సామీ!"

జనం మూగారు. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు. సుగుణ మేడమ్‌ గుక్క తిప్పుకోకుండా తాగింది. పరాంకుశం గారు ముఖం కడుక్కుని, పాదాలతో రోడ్డును ఒకసారి తట్టి చూసుకున్నారు. నేల తగలగానే ఆయనకు భాష తిరిగొచ్చింది.

"పరిశీలిస్తాం. నివేదిక తెప్పించుకుంటాం" అన్నారు జనంతో. నావైపు తిరిగి గొంతు తగ్గించి, "దీన్ని క్షేత్రస్థాయి పర్యటనగా నమోదు చేయండి" అన్నారు.

ఓబులమ్మ ఆయన్ను చేలోకి లాక్కుపోయి తెగులు పట్టిన మొక్కలు చూపించింది. ఆయన కోటుతోనే వంగి శ్రద్ధగా చూశారు. పంటల గురించి ఆయనకు నిజంగానే తెలుసు. గిడ్డంగుల మనిషి కదా. నలిగిన ధనియాల్ని అకాల గాలివల్ల కలిగిన నష్టం కింద రాయించారు. చిత్రమేమంటే, ఆ పరిహారం తర్వాత ఓబులమ్మకు వచ్చింది కూడా.

మధ్యాహ్నానికి మా జీపు వచ్చింది. మెకానిక్, సింహాద్రప్ప, చైతన్య దిగారు. వెంట చిన్న డబ్బాలో పెట్రోలు. మెకానిక్ చక్రాలు, రెక్కలు, పంకా అన్నీ తడిమి చూసి, విమానానికి ఏమీ కాలేదన్నాడు. డైరెక్టరు గారికి తొందరగా ఉంది. సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసే జనం పెరుగుతున్నారు. పైగా మంత్రిగారు ప్రారంభించని రోడ్డును మేం ప్రారంభించేశామని ఎవరైనా అంటే అది ఇంకో తలనొప్పి.

"ఈ ఇంధనం జొన్నలగట్టు చేరడానికి సరిగ్గా సరిపోతుంది. వెంటనే తీసుకుపొండి" అన్నారు సుగుణ మేడమ్‌తో.

ఆమె చక్రం పక్కనుంచి లేవలేదు. "నిండా పోయండి సార్. రెండు ట్యాంకులూ."

"ఇది పథకానికి..."

"రెండు ట్యాంకులూ నిండా. లేకపోతే ఇది ఇక్కడే ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటా. మంత్రిగారు రోడ్డు తెరవడానికొచ్చినప్పుడు ఇద్దరం కనబడతాం."

పరాంకుశం గారు చైతన్యవైపు తిరిగారు. "నువ్వు నడుపుతావుగా బాబూ?"

ఆ అబ్బాయి విమానం వెనక రోడ్డు మీద నల్లగా పడిన చక్రాల చారల్ని చూశాడు. అవి కరెంటు తీగల దగ్గర్నుంచే మొదలయ్యాయి.  తర్వాత మెల్లగా వెళ్ళి సుగుణ మేడమ్ పక్కన కూర్చున్నాడు. "మేడమ్‌కి నిండా అయితే నాకూ నిండానే సార్" అన్నాడు.

"మన దగ్గర అన్ని విమానాలకీ, రోజూ నిండా" అంది మేడమ్. "ఆ మాట ఇందరి ముందు చెప్పండి సార్. మీరు వీడియో తియ్యండి" అని నాకు చెప్పింది.

నేను కెమెరా తీశాను. డైరెక్టరు గారు నావైపు చూశారు. నేను కెమెరా దించలేదు.

"నా పథకం నేనే ఎలా రద్దు చేసుకుంటాను?" అన్నారు ఆయన. అది అధికారి గొంతు కాదు. పైన విమానంలో విన్న గొంతుకు దగ్గరగా ఉంది. "పురస్కారం కూడా ఇచ్చారు కదయ్యా."

అప్పుడు సింహాద్రప్ప గొంతు సవరించుకున్నాడు. "రద్దు అక్కరల్యాదు సార్. విమానం దిగినాక ట్యాంకులో ఉండేది మిగులని ఎవురన్నారు? అది తర్వాతి యాత్రకి ప్రారంభ నిల్వ. ప్రారంభ నిల్వ ఎంతన్నా ఉండొచ్చు. దానికి ఏ ఆక్షేపణా ల్యాదు. శేషం మాత్రం సున్నానే."

పరాంకుశం గారు ఆ మాటను నోట్లో వేసుకుని నములుతున్నట్టు రెండుసార్లు అనుకున్నారు. ప్రారంభ నిల్వ. ప్రారంభ నిల్వ. భుజాలు తేలికపడ్డాయి. కెమెరా వైపు తిరిగి నిటారుగా నిలబడ్డారు. "శూన్య శేష పథకం రెండవ దశలో భాగంగా, నేటినుంచి అన్ని విమానాలకూ రెండు ట్యాంకులూ నింపి, సమృద్ధమైన ప్రారంభ నిల్వతో పంపవలసిందిగా ఆదేశిస్తున్నాను."

"దానికి మీరు ఏ పేరైనా పెట్టుకోండి సార్, పోయండి చాలు" అంది సుగుణ మేడమ్.

డ్రమ్ము గది తాళంచెవి జీపులో వెళ్ళింది. డ్రమ్ము ట్రాక్టరు మీద, జీపు వెంట వచ్చింది. పసుపు, కుంకుమ ఇంకా దాని మీదే ఉన్నాయి. దాన్ని చూసి ఓబులమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఆడవాళ్ళు చీపుర్లతో, చేటలతో రోడ్డు మీద మిగిలిన ధనియాల్ని ఒక పక్కకు ఊడ్చారు. పిల్లల్ని కంప అవతల నిలబెట్టారు. మెకానిక్ రెండు ట్యాంకులూ మూతి దాకా పోశాడు. సుగుణ మేడమ్ రెక్కెక్కి తానే మళ్ళీ చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"సార్, ఎక్కుతారా?" అని అడిగింది దిగుతూ. ఎగతాళిగా కాదు. మామూలుగా.

"జనంతో ఇంకా కొంత క్షేత్రస్థాయి పని ఉంది. మీరు పదండి" అన్నారాయన.

చైతన్య ఆమె పక్కన ఎక్కాడు. ఇంజను మొదటిసారికే అందుకుంది. కిందనుంచి కూడా, అది దగ్గకుండా ఒకే తీరుగా మోగడం వినడానికి ఎంత బాగుందో! ధనియాల పొట్టు గాల్లోకి లేచింది. జనం ఈలలు వేశారు. విమానం రోడ్డు చివరిదాకా పోయి, తేలిగ్గా లేచి, పొద్దు వైపు తిరిగింది.

ఖాళీ డ్రమ్ముతో జీపు నిండిపోయింది. మెకానిక్, సింహాద్రప్ప అందులో వెళ్ళిపోయారు. డైరెక్టరు గారూ నేనూ నడుచుకుంటూ పాత రోడ్డు మీదికి వచ్చి బస్సెక్కాం. కోళ్ళ గంపల మధ్య, డ్రైవరు వెనక సీటు దొరికింది. ఆయన కోటు మీద ఇంకా ధనియాల పొట్టు అంటుకుని ఉంది. దులపబోతే వద్దన్నారు. బస్సు కదిలింది. ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు, కాసేపు తన చేతుల వైపు చూసుకున్నారు. తర్వాత ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టారు.

"బాబూ, డీజిలు ఎంత ఉంది?"

"ఉండాదిలే సార్."

"ఉంది అంటే, ట్యాంకు నిండా ఉందా? జొన్నలగట్టు చేరాక కూడా మిగులుతుందా?"

డ్రైవరు అద్దంలోంచి ఆయన కోటును ఎగాదిగా చూశాడు. కొంచెం సర్దుకు కూర్చున్నాడు. "ఏం సార్, అంత గట్టిగా అడుగుతాండారు? మీరు గానీ ఫ్లయింగ్ స్క్వాడా?"

పరాంకుశం గారు సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"పొద్దున్నదాకా ఫ్లయింగే" అన్నారు.